తెలియనిది లేదనే యంత్రం

ప్రోలాగ్ అనే కంప్యూటర్ భాష నేర్చుకునేవాళ్ళు మొట్టమొదట చేసే తప్పు చుక్క మరచిపోవడం. వాక్యం చివర చుక్క పెట్టకుండా ఎంటర్ కొడితే యంత్రం తప్పని చెప్పదు, తిట్టదు, అసలు నోరే విప్పదు. ఆకుపచ్చ అక్షరాల కింద కర్సరు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. నువ్వింకా ఏదో చెప్పబోతున్నావని దాని ఉద్దేశం. మొదటి రోజు నేను చాలాసేపు దాని ముఖం చూస్తూ అలాగే కూర్చున్నాను. పాడుచేశానేమో, సారు తిడతారేమో అని భయం. చివరికి ఆయన వెనక నుంచి వచ్చి, ఏమీ అనకుండా వంగి ఒక చుక్క పెట్టి వెళ్ళారు.

నాకు మాట్లాడనివాళ్ళంటే పడదు. తిట్టేవాళ్ళతో వేగగలను గానీ, అన్నీ తెలిసి పెదవి కదపనివాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ మంట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలంటే ఆ క్లాసు గురించీ, మేముండే పాత చాళ్ ఇంటి గోడ గురించీ చెప్పాలి.

క్లాసు గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర, ఒక కళ్ళద్దాల దుకాణం పైన ఉండేది. అంతకుముందు అది టైపు క్లాసు. టైపు మిషన్లను మూలకు నెట్టి కంప్యూటర్లు తెచ్చారు, వాటి కోసం ఏసీ పెట్టించారు. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి పోవాలి. దుమ్ము పడితే యంత్రానికి జబ్బు చేస్తుందని సారు భయం. నేను పడుపు వీధులకు పేరుమోసిన కామాటిపుర నుంచి వస్తున్నానని తెలిశాక పక్క బెంచీ అమ్మాయిలు కాస్త ఎడంగా జరిగారు. గల్లీ నంబరు కూడా చెప్పాక ఇంకాస్త జరిగారు. జరిగితే జరగనీ, కీబోర్డు నాకొక్కదానికే దక్కుతుందని నేను తీరిగ్గా సర్దుకుని కూర్చునేదాన్ని.

సారు మరాఠీ మనిషి. మాతో హిందీలో మాట్లాడేవారు. ఉద్యోగాలకు పనికొచ్చే భాషలు అందరికీ నేర్పేవారు. క్లాసు అయ్యాక కూడా ఇంటికి పోకుండా వేళ్ళాడే మా ఇద్దరు ముగ్గురి కోసం మాత్రం సొరుగులోంచి ఒక ఫ్లాపీ తీసేవారు. అందులో ప్రోలాగ్ ఉండేది. మిగతా భాషల్లో యంత్రానికి ఏం చెయ్యాలో వరసగా చెప్పాలి, ఇందులో అలా కాదు అనేవారు. మనకు తెలిసిన సంగతులు చెప్పాలి, వాటిని ఫ్యాక్టులంటారు. ఏది ఉంటే ఏది అవుతుందో చెప్పాలి, వాటిని రూల్సంటారు. ఆపైన ప్రశ్న అడగడమే మన పని, ఆలోచించడం దాని పని.

మొదటి పాఠం ఎవరి తండ్రి ఎవరు అని. నేను మా నాయిన పేరు రాశాను, నాయినకు నాయిన పేరు రాశాను, తండ్రికి తండ్రి తాత అవుతాడని రూలు రాశాను. నా తాత ఎవరని అడగ్గానే తాత పేరు తెర మీదకు వచ్చింది. ఆయన నాకు తాత అని నేనెక్కడా రాయలేదు, అదే తేల్చుకుంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ ఊపులో తాతకు తమ్ముడున్నాడా అని అడిగాను. నో అంది.

ఉన్నాడు. మా తాతా, ఆయన తమ్ముడూ పాలమూరు నుంచి కలిసే వచ్చారట, కలిసే ఈ పట్నంలో గోడలు లేపారట. తమ్ముడు ఒక కట్టడం మీంచి కాలుజారి పడి చనిపోయాడు. ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆయన మాట ఎత్తేవాళ్ళు కాదు, అందుకే నాకూ రాయాలని తోచలేదు. యంత్రం అబద్ధమాడుతోందని సారుకు చెప్పాను. ఆయన నవ్వారు. దానికి చెప్పినంతే దాని లోకమనీ, చెప్పనిది దాని లెక్కలో లేనట్టేననీ, దాని ‘నో’ను ఎప్పుడూ ‘నాకు తెలియదు’ అని చదువుకోవాలనీ అన్నారు. ఈ మాట అప్పుడే నోట్ చేసుకోమన్నారు గానీ నేను చేసుకోలేదు. చేసుకోకపోయినా ఇన్నేళ్ళయినా మరచిపోలేదు.

కొన్నాళ్ళకు ఆయన ఒక పని ఇచ్చారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళెవరైనా నాలుగు ప్రశ్నలు అడిగి తేల్చి చెప్పే సంగతి ఏదైనా ఉంటే, ఆ తెలివిని ప్రోలాగ్‌లో పెట్టి తీసుకురమ్మన్నారు. ఒకడు జ్వరాలు పట్టుకున్నాడు, ఇంకొకామె జాతకాలు పట్టుకుంది. నేను గోడలు పట్టుకున్నాను. ఏ గోడ నిలుస్తుంది, ఏ గోడ పడుతుంది అన్నది నా ప్రశ్న.

మా నాయిన మేస్త్రి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఆయనకు నేనొక్కదాన్నే. పనిలో మాటలు పొదుపు గానీ, అన్నం ముందు కూర్చుని ఊరివాళ్ళ గోడల గురించి అడిగితే ఎంతైనా చెప్పేవాడు. బీట మెట్లు మెట్లుగా ఎక్కితే పునాది కుంగుతున్నట్టు. బీట పైన వెడల్పూ కింద సన్నమూ అయితే గోడ బయటికి వంగుతున్నట్టు. దర్వాజా ఉన్నట్టుండి బిగుసుకుని పట్టేస్తే పైన దూలం దిగినట్టు. వీటిలో ఏదీ ఖాయంగా చెప్పలేకపోతే బీట మీద అడ్డంగా చిన్న గాజు ముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటు మాలుతో అతికించి వదిలెయ్యాలట. గాజు అలాగే ఉంటే బీట పాతది, భయం లేదు. గాజు పగిలితే గోడ నడుస్తున్నట్టే, ఇక ఇంట్లో ఉండకూడదు. నడుస్తున్నది అనేవాడు, మనిషి గురించి అన్నట్టు.

ఆయన చెప్పినవన్నీ రూల్సుగా రాసుకుపోయాను. సారు చదివి, మిగతావాళ్ళవన్నీ పక్కన పెట్టి, నా భుజం తట్టారు. ఇక ఫ్యాక్టులు కావాలి. ఏదో ఒక నిజమైన ఇల్లు తీసుకుని దాని సంగతులు పెట్టమన్నారు. నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే.

మాది చెక్క దూలాల పాత చాళ్. పొడుగాటి వరండా, దానికి వరసగా గదులు, గదికొక సంసారం. దాదాపు అందరూ మావాళ్ళే, కట్టడం పనికి వచ్చి నిలిచిపోయినవాళ్ళ పిల్లలూ మనవళ్ళూ. పై అంతస్తులో చివరి గది మాది. దానికి ముందు గది ఒకామెది. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను ఆమెను అత్తమ్మ అనేదాన్ని. అమ్మ పోయాక నా కడుపు చూసిందీ తల దువ్విందీ ఆమే. వరండా మూలలో పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి, ఊరి నుంచి కూలికి వచ్చిన మగవాళ్ళకు గల్లీ మొదట్లో కూర్చుని అమ్మేది. ఆమెకూ మాకూ మధ్య ఒకే గోడ. నేను ఆ గోడ మీద రెండుసార్లు కొడితే అవతల నుంచి రొట్టె వేడిగా వచ్చేది.

ఒక సాయంత్రం కాగితం పట్టుకుని గదులన్నీ తిరిగాను. మీ గోడలో బీట ఉందా, మీ తలుపు పట్టేస్తోందా అని అడిగాను. ఒకామె విననట్టు కుక్కర్ మూత పెట్టింది. ఒకాయన టీవీ శబ్దం పెంచాడు. ఇంకొకాయన, అన్నీ బాగున్నయ్ బిడ్డా, అంటూ పెచ్చులూడిన గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. చివరికి అత్తమ్మ దగ్గరికి వచ్చి, మన గోడ పడేటట్టుందా అత్తమ్మా అని ఇంకా అడగనే లేదు, పిండి చెయ్యి తెచ్చి నా నోటికి అడ్డం పెట్టింది.

“దీపాల యాళ్ల గట్ల అనొద్దు బిడ్డా. పైన తథాస్తు అంటరు.”

జొన్నపిండి నా పెదాల మీద అంటుకుంది. మా వాళ్ళలో ఇది మామూలే. చెడ్డ మాట నోట అనకూడదు, అందులోనూ దీపం పెట్టే వేళ అసలే అనకూడదు, పైన తిరిగే దేవతలు తథాస్తు అంటే అంతే సంగతులు. ఇంకా లోపల మరో భయం ఉండేది, దాన్నీ ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఇల్లు ప్రమాదమని తేలితే మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళు వచ్చి ఖాళీ చేయిస్తారు, ఊరి చివర, ట్రాన్సిట్ క్యాంపనే తాత్కాలిక గదుల్లో పడేస్తారు, ఇక తిరిగి వచ్చే రోజు ఎవరికీ తెలియదు. అలా పోయినవాళ్ళు మా గల్లీలోనే ఉన్నారు, అంటే ఒకప్పుడు ఉండేవాళ్ళు.

నాయిన్ను అడిగాను. మన గోడకు బీట ఉందా అని. లోకంలోని గోడలన్నిటి గురించీ చెప్పిన మనిషి, తాపీ కడుక్కుంటూ, పని చూసుకో పో అన్నాడు. రూల్స్ అందరూ చెబుతారని, ఫ్యాక్టు ఎవరూ చెప్పరని నాకప్పుడే అర్థమైంది. కాగితం ఎంత ఖాళీగా తీసుకెళ్ళానో అంత ఖాళీగానే క్లాసుకు తెచ్చాను.

సారు ఒక ఆదివారం ఇళ్ళవాళ్ళను పిలిచి మా పనులు చూపించారు. నాయిన రాలేదు. మా చాళ్ సెక్రెటరీ వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. మెట్ల లైట్లూ నీళ్ళ వేళలూ చూసే పెద్దమనిషి ఆయన. నా వంతు వచ్చాక సారు నన్ను మా ఇంటి గురించే అడగమన్నారు. ఫ్యాక్టులు లేవు సార్ అన్నాను. అడుగు, అప్పుడేమవుతుందో వీళ్ళకు చెప్పడానికి బాగుంటుంది అన్నారు. మా చాళ్ ప్రమాదమా అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, చుక్క పెట్టి, ఎంటర్ నొక్కాను. నో అంది.

సెక్రెటరీ చప్పట్లు కొట్టాడు. సారు లేచి ఆ నో అర్థం ఏమిటో వివరించారు, ఆయన ఎంత ఓపిగ్గా చెప్పారో నాకు గుర్తుంది. నేనూ చెప్పాను, దానికి ఏమీ తెలియదు మామా, మీరెవరూ నాకేమీ చెప్పలేదు, అందుకే అలా అంది అని. ఆయన నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

“తెల్వకుంటే మాలూం నహీ అంటది గదా. సాఫ్ నో అన్నది.”

ఆ మాటా నిజమే. తెలియకపోతే తెలియదనాలి కదా, మనిషైనా యంత్రమైనా. సెక్రెటరీ ఆ ముక్క కాగితం మీద కావాలన్నాడు. ప్రింటరు పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేసి దాన్ని దించింది. సాయంత్రానికల్లా అది మా చాళ్ మెట్ల కింద, నీళ్ళ వేళల కాగితం పక్కన అంటించి ఉంది. కంప్యూటర్ చెప్పిందని గల్లీ అంతా తెలిసింది. నేను చించేశాను. మర్నాడు ఇంకొకటి అంటించారు. ఎవరి ఇంటికి పోయి చెప్పినా టీ ఇచ్చారు గానీ మాట వినలేదు. భయం పోగొట్టే కాగితం దొరికాక దాన్ని వదులుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

వానలు ఇంకా రాలేదు. పొద్దున లేస్తే నా దుప్పటి మీద సన్నటి సున్నం పొడి ఉండేది. దులిపేదాన్ని, మర్నాడు మళ్ళీ ఉండేది. అత్తమ్మ పిండి జల్లించేటప్పుడు ఇసుక రేణువులు తగులుతున్నాయని మిల్లువాణ్ణి తిట్టేది. మిల్లు మార్చింది, రేణువులు పోలేదు. వీధిలో లారీ పోతే వరండాలో బిందెలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగేవి. అవి ఎప్పుడూ అలాగే మోగేవేమో, నేను వినడమే కొత్తేమో, నాకు తెలియదు. కానీ విన్నప్పుడల్లా లేచి బిందెలు ఎడంగా జరిపేదాన్ని.

తరవాత మా తలుపు పట్టేయడం మొదలైంది. గడియ కన్నంలోకి దిగేది కాదు. నాయిన ఎవరినో అడిగి చిత్రిక తెచ్చి తలుపు పై అంచు చెక్కాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది, మళ్ళీ పట్టింది, మళ్ళీ చెక్కాడు. చెక్క పొట్టు నేల మీద ఉంగరాలు ఉంగరాలుగా పడేది. దూలం దిగితే దర్వాజా పట్టేస్తుందని నాకు చెప్పిన మనిషే, నా కళ్ళెదుట, నోరెత్తకుండా తలుపు కురచ చేస్తున్నాడు. అడుగుదామని నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఆయన నిజం చెబుతాడేమోనని నాకూ భయంగానే ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఉన్నాను. మా తెలుగు క్యాలెండరు ఎప్పుడూ పొయ్యి వైపు ఉండేది. అది అత్తమ్మ గోడకు ఎప్పుడు మారిందో గమనించలేదు. నెల కాగితం తిప్పుదామని దాన్ని మేకు నుంచి తీశాను. వెనక బీట ఉంది. మెట్లు మెట్లుగా ఎక్కుతోంది. దాని మీద అడ్డంగా ఒక గాజు ముక్క, రెండు కొసల్లోనూ వేలిముద్రలు పడ్డ సిమెంటు ముద్దలు. గాజు నడిమికి పగిలి ఉంది. దాని కింద అలాంటివే పాత ముద్దల మచ్చలు, వాటి కింద ఇంకొన్ని. ఒకటి పగిలితే తీసేసి, అదేదో గాజు తప్పన్నట్టు, ఇంకొకటి పెట్టుకుంటూ వచ్చాడు.

నేను కేక వేయలేదు. క్యాలెండరు తగిలించి, చెప్పులు వేసుకుని క్లాసుకు నడిచాను. సారు ఇంకెవరికో నేర్పుతున్నారు. నా ఫ్లాపీ పెట్టి, గాజు పగిలిందని ఒక్క ఫ్యాక్టు కొట్టాను. ఎంటర్ నొక్కితే కర్సరు మిణుకుతూ కూర్చుంది. చుక్క మరచిపోయాను. చుక్క పెట్టాను. చాళ్ ప్రమాదమా అని అడిగాను. మొన్న నో అన్నంత తొందరగానే ఎస్ అంది. సారు వచ్చి నా భుజం మీదుగా చూశారు. ఇది పరీక్షకు రాసిందా, నిజంగా ఉందా అని అడిగారు. నిజంగా ఉందన్నాను. ఆయన నా ఫ్లాపీ తీసి నా చేతిలో పెట్టి, ఇంటికి పో అన్నారు.

నేను చేరేసరికి దీపాలు పెడుతున్నారు. నాయిన పని నుంచి వచ్చి నేల మీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటున్నాడు. అవతల అత్తమ్మ రొట్టెలు తడుతున్న చప్పుడు గోడలోంచి వస్తోంది. ఆ ఒక్కో దెబ్బకూ నేను క్యాలెండరు వైపు చూశాను.

“నాయినా, క్యాలెండర్ ఎనక గాజు పగిలింది.”

ఆయన తలెత్తలేదు. మిషన్ల రాసినవా అని అడిగాడు. రాసినా అన్నాను. ఏమన్నదన్నాడు. ఎస్ అన్నది అని చెప్పాను. మళ్ళీ కాళ్ళు పిసుక్కోవడంలో పడ్డాడు. ఆయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నీకు రూల్స్ తెలుసు, నువ్వే చెప్పావు, నీ బిడ్డను దాని కింద పడుకోబెట్టావు అని అరిచేశాను. అప్పుడు చెప్పాడు.

“చెప్తే అందర్ని లారీల ఏస్కపోతరు. మీ అత్తమ్మ రొట్టెలు యాడ అమ్ముకుంటది? పడకుంట చూస్త అనుకున్న బిడ్డా.”

పడకుండా చూడటమంటే ఏమిటో నేను అడగలేదు. కురచ చేసిన తలుపూ, మార్చిన గాజు ముక్కలూ నేను చూస్తూనే ఉన్నాను. గోడలోంచి వస్తున్న చప్పుడు అప్పటికే ఆగిపోయి ఉంది. అవతల అత్తమ్మ అంతా విన్నది.

మర్నాడు పొద్దున నీళ్ళు వదిలే వేళ, కింద కొళాయి దగ్గర అందరూ బిందెలతో ఉన్నప్పుడు, నాయిన మెట్ల మీద నిలబడి, గోడ నడుస్తున్నది, నేను గాజు పెట్టి చూసిన అని చెప్పాడు. గట్టిగా కూడా చెప్పలేదు. ఒకామె తన పిల్ల చెవులు మూసింది. సెక్రెటరీ మెట్ల కింద కాగితం వైపు చూపించాడు. నాయిన దాన్ని చూడనైనా చూడలేదు. బిందెలు నిండి పొర్లుతున్నాయి, ఎవరూ తియ్యలేదు.

ఆపైన అందరూ భయపడ్డట్టే జరిగింది. ఆఫీసువాళ్ళు వచ్చారు, గోడ మీద ఎర్ర గుర్తు వేశారు, మా అంతస్తంతా ఖాళీ చేయించారు. అత్తమ్మ లారీలో పెనం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు నరకం. క్యాంపు ఊరి అవతలి చివర, ఉప్పు నేలల్లో ఉండేది. అక్కడ జొన్నరొట్టె తినేవాళ్ళు లేరు. ఆమె కొన్నాళ్ళు రొట్టెలు చేసి, మిగిలినవి మాకే పెట్టి, తరవాత చెయ్యడం మానేసింది. పొయ్యి మానేశాక మనిషి తొందరగా తగ్గిపోయింది. ఆ ఏడాది దాటలేదు. కర్మకు వచ్చిన మా గల్లీవాళ్ళు నాకు వినపడేటట్టే అన్నారు, ఆ పిల్ల నోట అన్నది, తథాస్తు అన్నరు అని.

ఆ చాళ్ మాత్రం పడలేదు. మేము పోయాక దుంగలు ఆనించారు, ఇనుప పట్టీలు వేశారు. ఇంకెవరో వచ్చి ఉన్నారు. వాన వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది, అది నిలబడే ఉంది. నాయిన ముసలివాడయ్యాక కూడా అప్పుడప్పుడు బస్సెక్కి వచ్చి, ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి దాన్ని చూసి వెళ్ళేవాడు. ఒకసారి నేనూ పక్కనే నిలబడ్డాను. ఆయన అది నిలవాలని చూస్తున్నాడో పడాలని చూస్తున్నాడో నాకు తెలియలేదు. నా సంగతి నాకు తెలుసు. లోపల మనుషులు తిరుగుతున్నారు, కిటికీల్లో బట్టలు ఆరుతున్నాయి, నేను అది పడాలని కోరుకున్నాను. మా మాట నిజమని తేలడానికి. అలా కోరుకున్నందుకు నాకు నేనంటే భయం వేసింది.

నాయిన చనిపోయాడు. నేను పెళ్ళయ్యాక మళ్ళీ కామాటిపురకే వచ్చాను, వేరే గల్లీ, వేరే చాళ్, అదే రకం గోడలు. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటున్నాను. పాతవన్నీ పడగొట్టి టవర్లు కడతారన్న మాట ఇక్కడ అందరి నోటా ఉంది. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అంటున్నారు. ముందే వెళ్ళిపోయినవాళ్ళకు టవరులో రావలసిన గది ఏమవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ కదలడం లేదు. గోడలకు కొత్త రంగులు వేసుకుంటున్నారు. నేనూ వేయించాను.

గోడకు అవతల పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన జంట. ఇద్దరూ కట్టడం పనికే పోతారు. వాళ్ళకొక చిన్న పిల్ల. తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. మొన్న వానకు పెచ్చు ఊడి పడితే, ఆ పిల్లే తల్లి చేతిలోని ఫోను తీసుకుని, మా ఇల్లు పడిపోతుందా అని దాన్నే అడిగింది. ఫోను చాలా మర్యాదగా, చాలా పొడుగ్గా ఏదో చెప్పింది. మా పాత యంత్రం రెండక్షరాల్లో తేల్చేసేది. దీనికి మాటలు వచ్చాయి గానీ, మా గోడ సంగతి దీనికీ ఎవరూ చెప్పలేదు.

ఈ వానాకాలం మొదట్లో నా తలుపు పట్టేసింది. నేను చిత్రిక తేలేదు. పగిలిన అద్దం ముక్క ఒకటి తీసుకుని, నాయిన చెప్పినట్టే అవతలి జంటకూ నాకూ నడిమి గోడకు పడ్డ బీట మీద అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని దాని మీద క్యాలెండరు తగిలించాను. తగిలించాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

ఇవాళ సాయంత్రం క్యాలెండరు ఎత్తి చూశాను. అద్దం ముక్క నడిమికి పగిలి ఉంది. నా ముఖం రెండు ముక్కలై అందులో కనపడింది. క్యాలెండరు వదిలేశాను, అది మళ్ళీ దాని చోట అది వేలాడింది. వదిలేసి కూర్చున్నాను. ఈ వయసులో ఎక్కడికి పోతాను, ఏ క్యాంపులో పడతాను, టవరులో నా గది ఏమవుతుంది అనుకున్నాను. మాలు నింపి రంగు వేస్తే ఈ వానలు దాటవచ్చు అని కూడా అనుకున్నాను. నాయిన ఎలా మాట్లాడకుండా ఉన్నాడో నాకు ఇన్నేళ్ళకు అర్థమైంది. అది చాలా తేలిక. ఏమీ చెయ్యనక్కర్లేదు.

అవతల ఆ పిల్ల బంతాట మొదలుపెట్టింది. రోజూ ఈ వేళకు గోడకేసి కొడుతుంది. ఒక దెబ్బ, ఇంకొకటి. క్యాలెండరు కొంచెం కొంచెం ఊగింది, వెనక నుంచి సున్నం పొడి సన్నగా రాలి నా చాప మీద పడింది.

లేచి వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టాను. ఆ పిల్ల తల్లి తీసింది. అప్పుడే దీపం పెట్టినట్టుంది, అగ్గిపెట్టె ఇంకా చేతిలో ఉంది.

“మన నడిమి గోడ నడుస్తున్నదమ్మా. గాజు పెట్టి చూసిన, పగిలింది.”

ఆమె చటుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. సిమెంటుకు గరుకెక్కిన చెయ్యి, అగ్గిపుల్ల వాసన. వెనక బంతి ఆగిపోయింది, పిల్ల మమ్మల్ని చూస్తోంది.

నేను ఆ చెయ్యి తీసి, మళ్ళీ చెప్పాను.